ఒక్క అప్లికేషన్ కోసం కంప్యూటర్ మొత్తం చెరపనక్కర్లేదు

సంపాదకులు గారికి,

నమస్కారం. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలుగా ఇచ్చే మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. విండోస్ 11 ఎక్కడానికి కావలసిన భద్రతా చిప్పు గాని, ప్రాసెసర్ గాని లేని పాత కంప్యూటర్లు మన జిల్లాలోని బడుల్లో, పఠన మందిరాల్లో, జిరాక్స్ దుకాణాల్లో ఎన్ని ఉన్నాయో ఆ పనిలో ఉన్నవారికి నేను వేరే చెప్పనక్కర్లేదు. వాటిని మూలన పడేయకుండా, విండోస్‌కు బదులుగా ఉచితంగా దొరికే లైనక్స్ వ్యవస్థ వేసి వాడుకోమని మీ పత్రిక రాయడం నాకు చాలా సంతోషం కలిగించింది. అయితే ఆ వ్యాసంలో ఒక మాట దగ్గర ఆగిపోయాను. లైనక్స్‌లో తెర రూపాన్ని ఇచ్చే డెస్క్‌టాప్‌లు చాలా ఉన్నాయి, కేడీఈ, గ్నోమ్, ఎక్స్‌ఎఫ్‌సీఈ వాటిలో కొన్ని. కేడీఈ అప్లికేషన్లు కావలసినవారు కేడీఈ డెస్క్‌టాప్‌నే వేసుకోవాలని, గ్నోమ్ అప్లికేషన్లు కావలసినవారు గ్నోమ్‌నే వేసుకోవాలని అర్థం వచ్చేటట్లు అందులో ఉంది. అది నిజం కాదు. అది నిజమని నమ్మినందువల్ల మా ఊళ్లో ఎనిమిది నెలల శ్రమ ఒక్క మధ్యాహ్నంలో తుడిచిపెట్టుకుపోయింది. అందుకే ఉత్తరం కాస్త పెద్దదైనా దయచేసి ప్రచురించవలసిందిగా కోరుతున్నాను.

నేను ఉన్నత పాఠశాలలో ముప్పై ఏళ్లకు పైగా భౌతికశాస్త్రం చెప్పి పదవీ విరమణ చేసినవాణ్ని. కావలికి తూర్పున, సముద్రం వైపు రొయ్యల గుంటల నడుమ ఉన్న మా ఊళ్లో, కొందరు మిత్రులతో కలిసి సాయంత్రం పూట ఒక పఠన మందిరం నడుపుతున్నాను. అందులో మూడు కంప్యూటర్లు ఉన్నాయి. మూడూ ఎవరో వాడి వదిలేసినవే. ఒకదానిలో 2 జీబీ, మిగిలిన రెండింటిలో 4 జీబీ మెమరీ ఉంది. రెండేళ్ల క్రితం వాటిలో డెబియన్ 12 అనే లైనక్స్ రకం వేసి, తేలికగా నడుస్తుందని ఎక్స్‌ఎఫ్‌సీఈ డెస్క్‌టాప్ పెట్టుకున్నాము. రొయ్యల గుంటల కాపలా పనికి వెళ్లేవారి పిల్లలు, వలస వచ్చిన కూలీల పిల్లలు బడి అయిపోగానే వచ్చి కూర్చుంటారు. మందిరంలో ఉన్న పదమూడు వందల పుస్తకాలకు జాబితా తయారుచేసే పనిని పదో తరగతి పిల్లలే తలకెత్తుకున్నారు. పుస్తకం పేరు, రచయిత, ముద్రించిన ఏడు, ఇచ్చిన దాత పేరు, ఏ బీరువాలో ఏ అరలో ఉందో, ఇవన్నీ లిబ్రేఆఫీస్‌లో తెలుగులో ఎక్కించారు. దసరా నాటికి తొమ్మిది వందల నలభై పుస్తకాలు పూర్తయ్యాయి.

ఆ రోజుల్లోనే మాకు ఓక్యులర్ కావలసివచ్చింది. ఇది కేడీఈ వారు తయారుచేసిన పీడీఎఫ్ చదివే అప్లికేషన్. పాఠం మీద పసుపు గీత గీయడానికి, పుటలో ఎక్కడంటే అక్కడ చీటీలాగా సొంత మాట రాసుకోవడానికి అందులో వీలుంది. స్కాన్ చేసిన పాత తెలుగు పుస్తకాలలో చుట్టూ వెడల్పుగా ఖాళీ వదిలి ఉంటుంది కదా, ఆ ఖాళీని కత్తిరించి అక్షరాలను తెర నిండా చూపే సౌకర్యం కూడా ఉంది. కళ్లజోడు సరిగ్గా లేని పిల్లలకు అది ఎంత మేలో నేను దగ్గరుండి చూశాను. దానిని మా కంప్యూటర్లలో వేసిపెట్టమని, పట్టణంలో కంప్యూటర్లు బాగుచేసే ఒక కుర్రవాణ్ని పిలిపించాను.

అతను తెర వైపు ఒక్కసారి చూసి, "ఇది కేడీఈది సార్. మీరు వాడేది ఎక్స్‌ఎఫ్‌సీఈ. దీంట్లో ఎక్కదు. మొత్తం తీసేసి మళ్లీ వెయ్యాల" అన్నాడు. ఆ విషయంలో నాకు తెలిసింది తక్కువ, అతని మాటలో తడబాటు లేదు, సరేనన్నాను. నేను భోజనానికి వెళ్లి వచ్చేలోపు జాబితా ఉన్న కంప్యూటర్ డిస్కును మొత్తం చెరిపి, కేడీఈ వారి డెస్క్‌టాప్ అయిన ప్లాస్మాతో కొత్తగా వ్యవస్థ వేశాడు. పిల్లల ఫైళ్లు ఏవని అడిగితే, "హోమ్ కూడా అందులోనే ఉండాది గదా సార్" అన్నాడు. హోమ్ అంటే వాడేవారి ఫైళ్లు ఉండే ఫోల్డర్. పెన్‌డ్రైవ్‌లో ఉన్న నకలులో మొదటి మూడు వందల పుస్తకాలే ఉన్నాయి. అంతకు మించిన నకలు తీసి ఉంచకపోవడం నా తప్పు. కాని చెరపవలసిన అవసరమే లేని డిస్కును చెరపడం ఆ తప్పు వల్ల జరిగింది కాదు, ఆ అపోహ వల్ల జరిగింది.

సంక్రాంతికి ఊరికి వచ్చిన నా పూర్వ విద్యార్థి ఒకరు మిగిలిన రెండు కంప్యూటర్లలో ఒకదాని ముందు కూర్చున్నాడు. ఎక్స్‌ఎఫ్‌సీఈని అలాగే ఉంచి, ఆజ్ఞలు టైపు చేసే టెర్మినల్ కిటికీ తెరిచి, అప్లికేషన్ల మూటలను, అంటే ప్యాకేజీలను, తెచ్చే ఆప్ట్ ఆజ్ఞకు ఓక్యులర్ పేరు చేర్చి ఎంటర్ కొట్టాడు. సెల్‌ఫోన్ హాట్‌స్పాట్ మీద పది నిమిషాలకు పైనే పట్టింది. తర్వాత మెనూ తెరిస్తే "ఆఫీసు" విభాగంలో ఓక్యులర్ ఉంది. నొక్కితే తెరుచుకుంది. పదో తరగతి భౌతికశాస్త్రం పుస్తకంలో విద్యుత్తు పాఠం దానిలో కనబడుతుంటే నేను కాసేపు ఏమీ మాట్లాడలేకపోయాను.

అప్పటినుంచి ఈ విషయాన్ని పట్టుకుని చదివాను, అడిగాను, మా కంప్యూటర్ల మీద చేసి చూశాను. అలా తెలుసుకున్నదాన్ని మీ పాఠకుల ముందు పెడుతున్నాను.

డెస్క్‌టాప్ అంటే కింద పట్టీ, మెనూ, కిటికీలకు చట్రాలు, వాల్‌పేపర్, సెట్టింగులు, వీటన్నింటి కూర్పు. అప్లికేషన్ అంటే పని చేసిపెట్టేది. ప్రతి అప్లికేషన్ తన బటన్లను, మెనూలను, అక్షరాలను గీయడానికి ఒక లైబ్రరీ మీద, అంటే చాలా అప్లికేషన్లు కలిసి వాడుకునే సిద్ధంగా ఉన్న ప్రోగ్రామ్ భాగాల మూట మీద, ఆధారపడుతుంది. కేడీఈ అప్లికేషన్లు క్యూటీ అనే లైబ్రరీ మీద, గ్నోమ్, ఎక్స్‌ఎఫ్‌సీఈ అప్లికేషన్లు జీటీకే అనే లైబ్రరీ మీద కట్టినవి. ఆ లైబ్రరీ కంప్యూటర్‌లో ఉంటే అప్లికేషన్ నడుస్తుంది. దాని చుట్టూ ఏ డెస్క్‌టాప్ ఉందన్నదానితో నడవడానికి సంబంధం లేదు. ఇది నమ్మలేనివారు తమ కంప్యూటర్లనే చూసుకోవచ్చు. సినిమాలు చూడటానికి ఊరూరా వాడే వీఎల్‌సీ క్యూటీ మీద కట్టినది. గ్నోమ్‌లో, ఎక్స్‌ఎఫ్‌సీఈలో, మేట్ అనే మరో డెస్క్‌టాప్‌లో దానిని వాడుతూనే ఉన్నారు. ఫైర్‌ఫాక్స్, గింప్, ఇంక్‌స్కేప్ జీటీకేను వాడుకునేవి. ప్లాస్మా వాడేవారు రోజూ వాటిని తెరుస్తూనే ఉన్నారు. అంటే ఒక డెస్క్‌టాప్ మీద మరొకదాని సరుకు నడపడమన్నది ఇప్పటికే అందరూ చేస్తున్న పని. ఫలానాది చేస్తున్నామని తెలియకుండా చేస్తున్నారు, అంతే.

మరి ఈ అపోహ ఎక్కడినుంచి వచ్చిందంటే, దాని వెనుక నిజంగా ఒక పాత గొడవ ఉంది. 1996 అక్టోబర్ 14న జర్మనీలో మథియాస్ ఎట్రిచ్ అనే విద్యార్థి, యూనిక్స్ (లైనక్స్‌కు మాతృక వంటి వ్యవస్థ) వాడే మామూలు మనుషుల కోసం ఒక డెస్క్‌టాప్ తయారుచేద్దామని పిలుపునిచ్చాడు. అదే కేడీఈ. (విండోస్ 10 మద్దతు ముగిసిన తేదీ కూడా సరిగ్గా అదే అక్టోబర్ 14 కావడం నాకు విశేషంగా తోచింది.) ఆయన ఎంచుకున్న క్యూటీ లైబ్రరీ నార్వేకు చెందిన ట్రోల్‌టెక్ అనే సంస్థది. అప్పట్లో దాని లైసెన్సు స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ నియమాలకు లోబడలేదు. ఆ అభ్యంతరంతోనే 1997 ఆగస్టులో మెక్సికోకు చెందిన మిగెల్ డి ఇకాజా, ఫెడెరికో మేనా గ్నోమ్‌ను మొదలుపెట్టి, గింప్ బొమ్మల ప్రోగ్రామ్ కోసం పుట్టిన జీటీకేను దానికి ఆధారం చేసుకున్నారు. 2000లో క్యూటీని జీపీఎల్ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ లైసెన్సు కింద కూడా విడుదల చేయడంతో ఆ గొడవకు కారణమే పోయింది. అదే ఏడు హావక్ పెన్నింగ్టన్ ఫ్రీడెస్క్‌టాప్ అనే ఉమ్మడి వేదికను మొదలుపెట్టారు. అప్లికేషన్ పేరు, బొమ్మ, ఏ రకం ఫైళ్లను తెరవగలదు అన్న వివరాలను ఒక చిన్న పాఠ్య ఫైలులో ఎలా రాయాలో ఆ వేదికే ఒప్పందం కుదిర్చింది. మా ఎక్స్‌ఎఫ్‌సీఈ మెనూలో ఓక్యులర్ పేరు దానంతట అదే వచ్చి చేరిందంటే ఆ ఒప్పందం వల్లే. అప్లికేషన్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవడానికి కేడీఈ వారికి ఒక పద్ధతి, గ్నోమ్ వారికి మరొక పద్ధతి ఉండేవి. 2008 జనవరిలో వచ్చిన కేడీఈ 4తో వారు తమ పాత పద్ధతిని వదిలి ఉమ్మడిగా ఉన్న డీబస్‌కు మారారు. ఎప్పుడో పోయిన కంచెను ఇంకా ఉన్నట్టే చూపించి ఈ రోజుకూ జనాన్ని తిప్పి పంపుతున్నారన్నది నా బాధ.

వేరే డెస్క్‌టాప్ అప్లికేషన్ వేస్తే బరువెక్కుతుందన్న మాటలో మాత్రం కొంత నిజముంది. ఓక్యులర్‌ను అడిగితే దానితోపాటు క్యూటీ, కేడీఈ లైబ్రరీలు పదుల సంఖ్యలో దిగుతాయి. జాబితా చూసి భయపడేవారు ఇక్కడే ఆగిపోతారు. కాని ఆ బరువు మొదటి అప్లికేషన్‌కే. ఆ తర్వాత మేము నక్షత్రాలను చూపే కేస్టార్స్, పిల్లలకు బొమ్మలు గీయిస్తూ ప్రోగ్రామింగ్ నేర్పే కేటర్టిల్ వేసినప్పుడు, కావలసిన లైబ్రరీలు చాలావరకు అప్పటికే ఉన్నందువల్ల దిగవలసింది బాగా తగ్గింది. పూర్వం కేడీఈ లైబ్రరీలన్నీ ఒకే పెద్ద మూటగా ఉండేవి. 2014లో వాటిని విడివిడిగా చేసి ఫ్రేమ్‌వర్క్స్ పేరుతో ఇచ్చినందువల్ల ఇప్పుడు అప్లికేషన్ తనకు కావలసినవాటినే అడుగుతుంది. మెమరీ విషయంలో మాత్రం జాగ్రత్త అవసరం. 2 జీబీ కంప్యూటర్‌లో రెండు రకాల లైబ్రరీలు ఒకేసారి మెమరీలో కూర్చుంటే తేడా తెలుస్తుంది. మేము దానిలో ఓక్యులర్, ఫైర్‌ఫాక్స్ కలిపి తెరవవద్దని పిల్లలకు చెప్పాము. ఏ రకం లైనక్స్‌లోనైనా నడిచేలా కట్టిన ఫ్లాట్‌ప్యాక్ అనే మూట రూపంలో తెచ్చుకుంటే డెస్క్‌టాప్‌తో బొత్తిగా పేచీ ఉండదు గాని, అది తనకు కావలసిన లైబ్రరీలన్నింటినీ వేరే సెట్టుగా తెచ్చుకుంటుంది కనుక, సెల్‌ఫోన్ డేటా మీద బతికే మాబోటి చోట్లకు నేను దాన్ని ముందుగా సూచించను.

డేటా ఆదా చేద్దామని ఇంకొక పొరపాటు కూడా చేశాను. రెండో కంప్యూటర్‌లో వేసేటప్పుడు, తప్పనిసరి కాకపోయినా ఉంటే మంచిదని డెబియన్ సూచించే ప్యాకేజీలను వద్దన్నాను. ఓక్యులర్ తెరుచుకుంది గాని పైపట్టీలో కొన్ని బటన్ల మీద బొమ్మ లేదు. ఏది గీత గీసేదో, ఏది చీటీ పెట్టేదో పిల్లలకు అంతు చిక్కలేదు. కేడీఈ వారి బ్రీజ్ బొమ్మల ప్యాకేజీని విడిగా వేస్తే సరిపోయింది. అప్లికేషన్ చెడిపోయిందనుకుని దానిని తీసేసేవారు ముందు ఈ బొమ్మల ప్యాకేజీ ఉందో లేదో చూసుకోవాలి.

నేను ఈ ఉత్తరం రాయడానికి అసలు కారణం తెలుగు టైపింగ్. ఓక్యులర్ వచ్చిన మూడో రోజున పదో తరగతి అమ్మాయి ఓమ్ నియమం దగ్గర చీటీ తెరిచి, వలయం బొమ్మ పక్కన "నిరోధం" అని రాయబోయింది. మా పిల్లలు ఐబస్ అనే టైపింగ్ ప్రోగ్రామ్ ద్వారా ఆర్‌టీఎస్ పద్ధతిలో, అంటే ఇంగ్లీషు మీటలు నొక్కితే తెలుగు అక్షరాలు పడే పద్ధతిలో టైపు చేస్తారు. లిబ్రేఆఫీస్‌లో ఎన్నో నెలలుగా అలాగే చేశారు. ఓక్యులర్ చీటీలో మాత్రం ఎన్ని సార్లు కొట్టినా ఇంగ్లీషు అక్షరాలే, మధ్యలో ఒక పెద్ద ఓ, చివర ఒక పెద్ద ఎం, కొట్టినవి కొట్టినట్టే నిలబడ్డాయి. "సార్, ఈడ తెలుగు పడటం లేదు, ఇంగ్లీషే వస్తా ఉంది" అంది. పక్కనే ఫైర్‌ఫాక్స్‌లో కొట్టి చూపించింది. అక్కడ "నిరోధం" చక్కగా పడింది. అదే కీబోర్డు, అదే కంప్యూటర్, అదే అమ్మాయి.

మొదట నేను కూడా, కేడీఈ అప్లికేషన్ ఇక్కడ సరిగ్గా నడవదన్న ఆ కుర్రవాడి మాటే నిజమేమో అనుకున్నాను. కాని కారణం చాలా చిన్నది. అప్లికేషన్ మొదలయ్యేటప్పుడు, టైపింగ్ కోసం ఏ ప్రోగ్రామ్‌ను అడగాలి అన్నది ఒక పరిసర చరరాశిలో, అంటే వ్యవస్థ ఒక పేరుతో గుర్తుపెట్టుకునే విలువలో, చూసుకుంటుంది. జీటీకే అప్లికేషన్లు "జీటీకే ఐఎం మాడ్యూల్" అన్న పేరున్నదానిలో చూస్తాయి. క్యూటీ అప్లికేషన్లు "క్యూటీ ఐఎం మాడ్యూల్" అన్నదానిలో చూస్తాయి. ఇంకా పాత పద్ధతి అప్లికేషన్ల కోసం "ఎక్స్ మాడిఫయర్స్" అనే మూడోది ఉంది. పాత క్యూటీ అప్లికేషన్లు ఈ మూడో దారిన కూడా వచ్చేవి గాని, క్యూటీ 5 నుంచి క్యూటీకి ఆ దారి లేదు. మా కంప్యూటర్లలో ఐబస్‌ను మొదట ఏర్పాటు చేసినవారు లాగిన్ అయినప్పుడు చదివే ఫైలులో మొదటిదీ మూడోదీ రాసి, మధ్యదాన్ని రాయలేదు. అప్పటికి మా దగ్గర తెలుగు టైపు చేయవలసిన క్యూటీ అప్లికేషన్ లేదు కనుక ఆ లోటు రెండేళ్లపాటు ఎవరికీ కనబడలేదు. ఆ ఒక్క పంక్తి చేర్చి, లాగౌట్ అయి తిరిగి లాగిన్ అయితే చీటీలో "నిరోధం" పడింది. ఆ అమ్మాయి కింద "ప్రమాణం ఓమ్" అని కూడా రాసి, చీటీని పసుపు రంగు నుంచి ఆకుపచ్చకు మార్చి, అందరికీ చూపించింది. డెబియన్‌లో ఐఎం-కాన్ఫిగ్ అనే చిన్న పరికరం ఉంది. దానిలో ఐబస్‌ను ఎంచుకుంటే ఈ మూడింటినీ అదే చూసుకుంటుంది, చేత్తో రాయవలసిన పని లేదు. తెర మీద కిటికీలను చూపే వేలాండ్ అనే కొత్త ఏర్పాటు మీద నడిచే డెస్క్‌టాప్‌లలో ఏర్పాటు కొంత వేరుగా ఉంటుంది కనుక, పాత చిట్కాలను అక్కడ గుడ్డిగా రాసిపెట్టకూడదు.

ఒక్కో మీటకు నేరుగా ఒక తెలుగు అక్షరం ఉండే ఇన్‌స్క్రిప్ట్ అమరిక నేర్చినవారికి ఈ చిక్కు దాదాపు రాదు. తెలుగు ఇన్‌స్క్రిప్ట్ అమరికను డెస్క్‌టాప్ కీబోర్డు సెట్టింగులలోనే నేరుగా ఎంచుకోవచ్చు. ఆ అమరిక అప్లికేషన్ కంటే కింది స్థాయిలోనే పనిచేస్తుంది. మీట నొక్కగానే పుట్టేదే తెలుగు అక్షరం కనుక, పైన ఉన్నది జీటీకేనా క్యూటీనా అన్న ప్రశ్నే రాదు. పిల్లలకు మొదటినుంచి ఇన్‌స్క్రిప్ట్ నేర్పి ఉంటే బాగుండేదని ఈ అనుభవం తర్వాత నాకు గట్టిగా అనిపిస్తోంది. ఇప్పుడు కొత్తగా వచ్చే ఆరో తరగతి పిల్లలకు, మీటల మీద తెలుగు అక్షరాల చీటీలు అంటించి, దానితోనే మొదలుపెట్టాము.

టైపింగ్ సంగతి ఇలా ఉండగా, తెలుగు చూపించడంలో మాత్రం రెండు వైపులా ఇప్పుడు తేడా లేదు. ఒకప్పుడు వత్తులు, గుణింతాలు అమర్చే పనిని జీటీకే వైపు ఒక ఏర్పాటు, క్యూటీ వైపు మరొక ఏర్పాటు చేసేవి. ఇప్పుడు రెండూ హార్ఫ్‌బజ్ అనే ఒకే లైబ్రరీని వాడుకుంటున్నాయి. ఫైర్‌ఫాక్స్, క్రోమ్, లిబ్రేఆఫీస్ కూడా దానినే వాడుతున్నాయి. ఇరాన్ నుంచి వచ్చిన బెహదాద్ ఎస్ఫాబోద్ దాని ప్రధాన నిర్మాత. హార్ఫ్‌బజ్ అన్న పేరు పర్షియన్ మాటల నుంచి వచ్చింది. "స్త్రీ" అన్న మాట కేడీఈ వారి రాత అప్లికేషన్ కేట్‌లో ఎలా కనబడుతుందో, ఎక్స్‌ఎఫ్‌సీఈ వారి రాత అప్లికేషన్ మౌస్‌ప్యాడ్‌లోనూ అదే ఫాంటుతో అలాగే కనబడుతుంది. మన లిపికి ఇది చిన్న మేలు కాదు.

మిగిలిన అతుకులు చిన్నవి. ఫైలు తెరిచేటప్పుడు వచ్చే పెట్టె రెండు రకాల అప్లికేషన్లలో రెండు రూపాల్లో ఉండవచ్చు. దాన్ని డెస్క్‌టాప్ సొంత పెట్టెతో కలిపే ప్యాకేజీలు దొరుకుతాయి. దాచుకున్న సంకేతపదాల కోసం కేడీఈ అప్లికేషన్లు కేవాలెట్‌ను, గ్నోమ్ అప్లికేషన్లు కీరింగ్‌ను అడుగుతాయి కనుక ఒక్కోసారి రెండు తాళాలు తీయవలసివస్తుంది. గ్నోమ్ 2017లో, 3.26 విడుదలతో, మూలన చిన్న బొమ్మలు కనబడే పాత చోటును తీసేసింది. వేరే డెస్క్‌టాప్‌ల కోసం తయారైన అప్లికేషన్లు కొన్ని కిటికీ మూసినా అక్కడ దాగి నడుస్తూ ఉంటాయి కనుక, వాటిని వాడేవారు గ్నోమ్‌కు ఒక పొడిగింపు (ఎక్స్‌టెన్షన్) వేసుకోవాలి. కొత్త అప్లికేషన్ వేయగానే పీడీఎఫ్‌లన్నీ దానిలోనే తెరుచుకోవడం మొదలైతే, ఫైలు మీద కుడి బటన్ నొక్కి ఏ అప్లికేషన్‌తో తెరవాలో మళ్లీ ఎంచుకుంటే చాలు. ప్లాస్మా మీద కొత్త గ్నోమ్ అప్లికేషన్లు చాలావరకు తమ సొంత రూపంలోనే ఉంటాయి, కిటికీ పైపట్టీని కూడా తామే గీసుకుంటాయి. కంటికి కొంచెం వేరుగా ఉంటాయి గాని పనికి లోటు రాదు.

అయితే ఏది పడితే అది కలిపేయవచ్చని నేను అనడం లేదు. అప్లికేషన్‌ను తెచ్చుకోవడం వేరు, డెస్క్‌టాప్ భాగాలను తెచ్చుకోవడం వేరు. ఎక్స్‌ఎఫ్‌సీఈ ఉన్న కంప్యూటర్‌లో ప్లాస్మా డెస్క్‌టాప్ మొత్తాన్ని కూడా పైన వేస్తే, మెనూలో ఒకే పని చేసేవి రెండేసి కనబడతాయి, సెట్టింగులు రెండు చోట్ల చేరతాయి, ఏది దేనిదో తెలియక పిల్లలు తికమక పడతారు. ప్యానెల్, కిటికీల నిర్వహణ, సెట్టింగుల కేంద్రం వంటివి ఆయా డెస్క్‌టాప్‌కే చెందినవి. వాటిని వేరే చోట మెనూలో చూపవద్దని ఆ చిన్న పాఠ్య ఫైలులోనే రాసే వీలు కూడా ఉంది. ఓక్యులర్ కావాలని అడిగితే ఓక్యులర్ వేయాలి. ప్లాస్మా అడిగినప్పుడే ప్లాస్మా వేయాలి. మా దగ్గరకు వచ్చిన కుర్రవాడికి తెలియకపోయింది ఈ ఒక్క తేడానే. అతనికి ఎవరూ చెప్పలేదు కనుక నేను అతన్ని నిందించడం లేదు.

అప్లికేషన్లు తయారుచేసేవారు కూడా ఈ గోడలను లెక్కచేయడం లేదు. పిల్లల ఆటలు, పాఠాల సంపుటి జీకాంప్రీ మొదట జీటీకే మీద పుట్టి, 2014లో క్యూటీకి మారాలని నిర్ణయించుకుని, ఇప్పుడు కేడీఈ గూటిలో ఉంది. లైనక్స్ మింట్ వారు 2016లో, ఏ ఒక్క డెస్క్‌టాప్‌కూ కట్టుబడని ఎక్స్-యాప్స్ అనే అప్లికేషన్ల వరుసను మొదలుపెట్టారు. ఓక్యులర్ అయితే 2022లో జర్మనీ ప్రభుత్వం ఇచ్చే బ్లూ ఏంజెల్ అనే పర్యావరణ ముద్రను పొందింది. కంప్యూటర్ ప్రోగ్రామ్‌కు ఆ ముద్ర దక్కడం అదే మొదటిసారి. కొన్నేళ్ల నాటి పాత కంప్యూటర్ మీద కూడా నడవగలగడం ఆ ముద్రకు ఉన్న షరతులలో ఒకటి. పాత కంప్యూటర్ కోసం అలాంటి గుర్తింపు పొందిన అప్లికేషన్‌ను వేయడానికి, మా పాత కంప్యూటర్‌లో ఉన్నదంతా చెరిపారని తలచుకున్నప్పుడల్లా మనసు చివుక్కుమంటుంది.

కనుక మీకు నా మనవి. ఆ వ్యాసంలోని మాటను సవరిస్తూ, డెస్క్‌టాప్‌ను కంప్యూటర్ శక్తిని బట్టి, అప్లికేషన్‌ను చేయవలసిన పనిని బట్టి విడివిడిగా ఎంచుకోవచ్చని ఒక్క వాక్యమైనా ప్రచురించండి. పాత కంప్యూటర్లను బడులకు, గ్రంథాలయాలకు ఇచ్చే దాతలకు, వాటిని సిద్ధం చేసే దుకాణాల వారికి కూడా ఒక విన్నపం. హోమ్ ఫోల్డర్‌ను డిస్కులో వేరే భాగంగా పెట్టండి. అలా పెడితే వ్యవస్థను మళ్లీ వేయవలసి వచ్చినా పిల్లల పని దానిలో భద్రంగా ఉంటుంది. కంప్యూటర్‌ను అప్పగించే ముందు ఒక జీటీకే అప్లికేషన్‌లో ఒకసారి, ఒక క్యూటీ అప్లికేషన్‌లో ఒకసారి తెలుగులో ఏదో ఒక మాట, ఊరి పేరైనా సరే, టైపు చేసి చూడండి. అందుకు రెండు నిమిషాలు చాలు. పిల్ల తన భాషలో రాసుకోబోయిన మాట తెరమీద ఇంగ్లీషు ముక్కలుగా పడితే, తప్పు తనదేనని అనుకుని కంప్యూటర్ ముందు నుంచి లేచి వెళ్లిపోతుంది. అలా లేచి వెళ్లిపోయిన పిల్లలు ఇద్దరున్నారు. వారిని మళ్లీ కూర్చోబెట్టడానికి నాకు నెల పట్టింది.

పుస్తకాల జాబితాను మూడు వందల ఒకటో పుస్తకం నుంచి మళ్లీ ఎక్కిస్తున్నాము. ఈసారి ప్రతి శనివారం రెండు పెన్‌డ్రైవ్‌లలో నకలు తీస్తున్నాము. కావలి, కందుకూరు చుట్టుపక్కల ఎవరికైనా ఇదే రకం చిక్కు వచ్చి, డిస్కు చెరపాలని ఎవరైనా చెప్పి ఉంటే, ఒప్పుకునే ముందు అప్లికేషన్ పేరుతో ప్యాకేజీ ఉందేమో ఒక్కసారి వెతికి చూడమని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
కావలి మండలం, శ్రీ పొట్టి శ్రీరాములు నెల్లూరు జిల్లా